మేస్త్రీ చేతులు కట్టుకున్న ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఆయన ఏ పనీ చేయలేదు. చేయకపోవడమే ఆయనకి అప్పజెప్పిన పని. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన రోడ్డు మేస్త్రీ. ఊరి చివర మా ఇంటి ముందు మొదలై ఆరు కిలోమీటర్లు పోయి పెద్ద రోడ్డులో కలిసే తారు రోడ్డు ఆయనది. ఆయనదంటే ప్రభుత్వానిదే, కానీ ఆ మాట ఆయన ముందు అనకూడదు. ఒకప్పుడు ఆయన కింద ఎనిమిది మంది గ్యాంగు ఉండేది. ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు, వాళ్ల స్థానంలో ఎవర్నీ వేయలేదు. చివరికి మేస్త్రీ ఆయనే, కూలీ ఆయనే. పొద్దున్నే సైకిలుకి తట్ట, పార, దిమ్మిస కట్టుకుని బయల్దేరేవాడు. గుంత కనిపిస్తే అంచులు నలుచదరంగా చెక్కి, దుమ్ము ఊడ్చి, తారు పూసి, కంకర పోసి, దిమ్మిసతో కొట్టి, చివర దాని మీద ఒంటికాలి మీద నిలబడేవాడు. బరువంతా ఒకే చోట పడితే గానీ ప్యాచీ నిజం చెప్పదట. నడిరోడ్డు మీద కొంగలా నిలబడ్డ ఆ మనిషిని చూసి పెళ్లయిన కొత్తలో నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈ రోడ్డు నాకు సవతి అని అందరితో అనేదాన్ని కూడా. తర్వాత్తర్వాత ఆ మాట మానేశాను. సవతి కూడా పాతబడుతుంది కదా.

ఆ ఎండాకాలం చివర్లో ఆయన రిటైర్మెంటు. ఆ రోజున ఆఫీసులో ఒక కాగితం ఇస్తారు. ఇన్నేళ్లూ మచ్చ లేకుండా పనిచేశాడని, కింద సంతకం, సీలు. మా ఆయన దానికోసం ముందు గది గోడకి ఆర్నెల్ల ముందే మేకు కొట్టి పెట్టాడు. ఆ మేకుకి నేను ఒకసారి కుట్టుపని టేపు తగిలిస్తే, తీసి నా చేతిలో పెట్టాడు. 

చలి తగ్గిన వారంలో ఇంజనీరమ్మాయి మా ఇంటికొచ్చింది. ఆ ఏడాదే ఉద్యోగంలో చేరిన పిల్ల. మోటారు సైకిలు మీద వచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, వసారాలో నా కుట్టుమిషను పక్కన కూర్చుంది.

"మేస్త్రీ గారూ, పోయిన సర్వేలో మీ రోడ్డుకి ఎన్ని మార్కులొచ్చాయో గుర్తుందా?"

"ఇరవై రెండు మేడమ్," అన్నాడు మా ఆయన. క్లాసులో ఫస్టొచ్చిన వాడిలా చెప్పాడు.

"అరవై రావాలండీ. అరవై వస్తేనే కొత్త తారు లేయరుకి డబ్బులిస్తారు. గుంతలకి మార్కులు, పగుళ్లకి మార్కులు, కుదుపులకి మార్కులు. ఎంత పాడైతే అన్ని మార్కులు. మీ రోడ్డు మూడుసార్లు ఫెయిలైంది."

"బాగున్నందుకా?" అన్నాను నేను, కుడుతున్న యూనిఫాం పక్కన పెట్టి.

"బాగున్నందుకేనండీ." ఆ పిల్ల మా ఆయన వైపు తిరిగింది. "పైకి బాగుంది. కింద ఏముంది?"

పదమూడేళ్లయింది ఆ రోడ్డుకి లేయరు పడి.

"కింద ఏం లేదు మేడమ్," అన్నాడు మా ఆయన. "నా ప్యాచీలే ఉన్నాయి. ప్యాచీ మీద ప్యాచీ."

"మీరు వెళ్లిపోయాక ఈ పోస్టు ఉండదు. ఎవరూ రారు. అప్పుడు ఎన్నాళ్లుంటుంది?"

"రెండు వానాకాలాలు. రెండోది దాటదు."

ఆ పిల్ల తలూపింది. కంకర తేలితే బస్సు రాదని డ్రైవరు అప్పటికే పదిమందితో అని ఉన్నాడు. బస్సు రాకపోతే ఆసుపత్రికి, బడికి, సంతకి అందరికీ ఆరు కిలోమీటర్ల నడకే. నేను కుట్టిన యూనిఫాంలు మూటకట్టి టౌనుకి వేసుకెళ్లేదీ ఆ బస్సులోనే.

"పది వారాల్లో సర్వే బండి వస్తుంది," అంది. "ఈసారి తప్పితే మళ్లీ మూడేళ్లకి. అప్పటికి మీరుండరు, రోడ్డూ ఉండదు. అందుకని..." గొంతు తగ్గించింది. "అప్పటిదాకా మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒక్క గుంత కూడా పూడ్చకండి. ఇది ఆర్డరు కాదు, కాగితం మీద ఇవ్వలేను. ఎవరితోనూ అనొద్దు. మీరు కూడా అండీ," అని నా వైపు చూసింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా మరిది అంటుంటాడు. ఆ పిల్లకి ఎవరు చెప్పారో మరి.

ఆమె వెళ్లాక మా ఆయన సైకిలుకి కట్టిన తట్ట విప్పి, పార విప్పి, దిమ్మిస విప్పి, మూడూ గోడవార వరసగా పెట్టాడు. కాసేపు వాటినే చూస్తూ నిలబడి, "టీ ఉందా?" అన్నాడు.

మొదటి రెండు వారాలూ మా ఇల్లు బాగుపడింది. వసారా గచ్చు పగులు పూడ్చాడు. పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని వాలు తీశాడు. పన్నెండేళ్లుగా కారుతున్న కుళాయి ఒక్క పూటలో కారడం మానేసింది. నా కుట్టుమిషను ఒక కాలు ఎత్తుగా ఉందని, నేను కుడుతుండగానే కిందకి దూరి చెక్క పెట్టాడు. ఎలుక బొరియలు, చీమల పుట్టలు, గుమ్మం దగ్గర గుంట ఏవీ వదల్లేదు. మూడో వారానికి ఇంట్లో పూడ్చడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు మొదలైంది అసలు కష్టం.

పొద్దున్నే ఉత్తచేతులతో సైకిలెక్కి రోడ్డు మీదికి వెళ్లేవాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి నాకు సమాచారం చెప్పేవాడు. ఆసుపత్రిలో ఉన్న చుట్టాల్ని చూసొచ్చిన వాళ్లు చెప్పినట్టు ఉండేది అది.

"మూడో మైలు దగ్గరది వెడల్పైంది. కల్వర్టు మలుపులో తొమ్మిదున్నాయి. వాటిల్లో మధ్యది జానెడు లోతైపోయింది."

"మంచిదే కదా. మార్కులు."

"మంచిదే," అని అన్నం ముందు కూర్చుని, సగం తిని లేచిపోయేవాడు.

గుంత అలా పెరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకి చేతకాదు. కానీ పూడ్చనని మాట ఇచ్చాడు. రెంటికీ మధ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి గుంత చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు పెట్టడం మొదలుపెట్టాడు, దూరం నుంచే కనిపించేలా. నెల తిరిగేసరికి మా రోడ్డు పొడవునా తెల్లరాళ్ల ముగ్గులు వెలిశాయి. పూడ్చడానికి పట్టే కష్టం కన్నా ఆ రాళ్లు మోయడానికే ఎక్కువ కష్టం పట్టింది.

జనం ఊరుకుంటారా? మా మరిదికి ఊరి మొదట్లో పంక్చరు షాపుంది. అక్కడ కూర్చునే నలుగురికీ రోజూ మా ఆయనే కాలక్షేపం. రాళ్లు పేర్చే ఓపిక ఉంది గానీ తట్టెడు కంకర పోసే ఓపిక లేదా అని ఒకడు. రిటైరయ్యే ముందు అందరూ అంతే, కుర్చీ వెతుక్కుంటారు అని ఇంకొకడు. బస్సు డ్రైవరు ఒకరోజు మా ఇంటి ముందు బండి స్లో చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం మేస్త్రీ, జీతం తీసుకుంటూ నిద్రపోతున్నావా?" అని అందరూ వినేలా అరిచాడు.

మా ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. వినలేదనుకోవడానికి వీల్లేదు. చేతిలో ఉన్న పేపరు ఒక పేజీ తిప్పాడంతే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరలా కూర్చుంటే ఎలా? నేను చెప్తానుండండి వాడికి," అని లేచాను.

"ఏం చెప్తావు?"

ఏం చెప్తాను? నోరు మూసుకుని కూర్చున్నాను. అంతసేపు నోరు మూసుకోవడం నా జన్మలో అదే మొదలు.

ఆ సాయంత్రం మా మరిది వచ్చాడు. సీజన్ బాగా నడుస్తోంది వాడికి, రోజుకి పది పన్నెండు పంక్చర్లు. ఆ సంతోషం మొహంలో కనపడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాడు.

"వదినా, అన్నయ్యకి ఒంట్లో బాగుండట్లేదా? పోనీ నేను తట్ట పట్టుకోనా? నాకు బేరాలు పోతే పోయాయి. వాడెవడో అన్నయ్యని అంటే వినలేకపోతున్నాను."

లోపల గదిలోంచి మా ఆయన దగ్గు వినిపించింది. నన్ను నోరు విప్పొద్దని. "ఏం లేదురా, అలసిపోయారు," అన్నాను. వాడు నమ్మలేదు, కానీ తలూపి వెళ్లిపోయాడు.

సర్వే ఇంకా పన్నెండు రోజులుందనగా గుడ్లాయన పడ్డాడు.

గుడ్లాయన అంటే మా ఇంటి ముందు నుంచి రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్లే మనిషి. వెనక క్యారియరు మీద ఎనిమిది ట్రేలు గుడ్లు కట్టుకుని, పెద్ద రోడ్డు మీది కొట్లకి వేసొస్తాడు. సైకిలు తొక్కినంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. మనిషి ఎదురైతే మనిషితో, గేదె ఎదురైతే గేదెతో, ఎవరూ లేకపోతే పాట. ఇరవై ఏళ్లలో ఒక్క గుడ్డు దారిలో పగల్లేదని చెప్పుకునేవాడు.

మా మరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా, అన్నయ్యేడి? కల్వర్టు మలుపులో గుడ్లాయన!"

మేం వెళ్లేసరికి రోడ్డంతా పచ్చసొన. ఎండకి అప్పుడే అంచులు ఎండిపోతున్నాయి. సైకిలు ముందు చక్రం జానెడు గుంతలోనే ఉంది. గుడ్లాయన రోడ్డు పక్కన చెట్టు నీడలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో పట్టుకుని ఉన్నాడు. మణికట్టు ఉండాల్సిన చోట లేదు. చుట్టూ తెల్లరాళ్లు, రెండు చెదిరిపోయి, మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి.

మా ఆయన గుడ్లాయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నా తప్పే అన్నా," అన్నాడు గుడ్లాయన. నొప్పికి మొహం పాలిపోయింది గానీ గొంతులో కోపం లేదు. "రాళ్లు పెట్టావు కదా, తిన్నటి దారిలో దూరం నుంచే కనిపించేవి. ఈ మలుపులో నేను చూస్తేగా! నీ రోడ్డు కదన్నా. ఇరవై ఏళ్లుగా దీని మీద పోతున్నాను, ఎప్పుడూ కింద చూడలేదు."

మా ఆయన అలాగే కూర్చుండిపోయాడు. మా మరిది గుడ్లాయన్ని మోటారు సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్లాక కూడా లేవలేదు. నేను చీపురుకట్ట తెప్పించి పెంకులన్నీ ఊడ్చేదాకా అక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎండెక్కక ముందు, గోడవార చప్పుడైతే బయటికొచ్చి చూశాను. సైకిలుకి తట్ట కడుతున్నాడు. ఇంకా పదకొండు రోజులే అని నేను అనొచ్చు. క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తున్నదాన్ని నేనే. ఆయన నా మొహం కూడా చూడకుండా తాడు బిగించుకుంటున్నాడు. నేను ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, తలకి గుడ్డ కట్టుకుని, రెండో తట్ట తీసుకున్నాను.

కల్వర్టు మలుపులో తొమ్మిది గుంతలూ పూడ్చాం. ఆయన అంచులు చెక్కాడు, నేను ఊడ్చాను. ఆయన తారు పూశాడు, నేను కంకర పోశాను. జానెడు గుంతకి ఏడు తట్టలు పట్టింది. ఆయన దిమ్మిస వేస్తుంటే నేను పక్కన నిలబడి నీళ్లిచ్చాను. ముప్పై ఏళ్లలో సవతి దగ్గర నేను పని చేయడం అదే మొదటిసారి. చివర్న ఆయన ఒంటికాలి మీద నిలబడబోయి తూలాడు, వయసు మీదపడింది మరి. భుజం పట్టుకున్నాను. నా ఆసరాతో నిలబడి, కాలి కింద ఒకసారి నొక్కి చూసుకుని దిగాడు.

"మిగతావి?" అన్నాను.

"మిగతావి తిన్నటి రోడ్డు మీదివి. దూరం నుంచి కనిపిస్తాయి. ఇదొక్క మలుపే చేటు." తట్ట ఎత్తుకుంటూ, "అరవై రాకపోవచ్చు," అన్నాడు.

రాలేదు. సర్వే బండి చెప్పిన రోజుకే వచ్చింది, వెనక కుదుపులు కొలిచే ఒక చిన్న చక్రం ఈడ్చుకుంటూ. వారం తర్వాత ఇంజనీరమ్మాయి వచ్చి, హెల్మెట్ తీయకుండానే వసారా మెట్టు మీద కూర్చుంది.

"యాభై నాలుగు," అంది.

కుట్టుమిషను ఆపాను. ఆ పిల్లే మా ఆయన్ని అడిగింది, "మలుపులోవి పూడ్చేశారు కదా?"

"పూడ్చాను మేడమ్."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. గుడ్లాయన సంగతి మా ఆయన చెప్తే తలొంచుకుని వింది. విన్నాక, చెప్పాలా వద్దా అన్నట్టు, బ్యాగులోంచి సర్వే ఫారం తీసింది.

"ఇక్కడ ఒక గడి ఉంది. రోడ్డు పాడవడం వల్ల మనిషికి దెబ్బ తగిలితే పది మార్కులు కలుస్తాయి. కానీ దెబ్బ తగిలిన మనిషి రాతపూర్వకంగా కంప్లైంటు ఇవ్వాలి. ఆ రోడ్డు చూసుకునే ఉద్యోగి, గుంత సంగతి తనకి తెలుసో తెలీదో రాసివ్వాలి. తెలీదంటే మార్కుల్లేవు, విచారణ అంటారు, ఏళ్లు పడుతుంది. తెలుసంటే..." ఆగింది. "మెమో ఇస్తారు. మీ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది. మెమో ఉన్నవాళ్లకి ఆ కాగితం ఇవ్వరు మేస్త్రీ గారూ."

ముందు గది తలుపు తీసే ఉంది. ముగ్గురికీ గోడ మీద మేకు కనిపిస్తూనే ఉంది.

"పూడ్చొద్దని నేనే అన్నానని రాయండి," అంది ఆ పిల్ల గబగబా. "అది నిజం కదా."

"నోటిమాట మేడమ్. నోటిమాట ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు మా ఆయన. "మీకింకా ముప్పై ఏళ్ల సర్వీసుంది. నాకు ఐదు వారాలుంది."

ఆమె వెళ్లాక నేను అడిగాను, "మరి మీ కాగితం?"

"మేకుకి క్యాలెండరు తగిలిద్దాం," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన పక్కనే కూర్చుని, నా ఏడుపయ్యేదాకా ఆగి, "గుడ్లాయన ఇంటికి వెళ్లొద్దాం పద. తెల్లకాగితాలు తీసుకో," అన్నాడు.

గుడ్లాయన మంచం మీద చేతికి సిమెంట్ కట్టుతో కూర్చుని గోడ మీది బల్లితో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. మా ఆయన విషయం చెప్పేసరికి సంతోషమంతా పోయింది.

"కంప్లైంటా? ఎవరి మీద?"

"నా మీద."

"వదినా, అన్నకి ఎండదెబ్బ తగిలిందా?"

"బాగానే ఉన్నారు. రాయాల్సిందే," అన్నాను.

"రాయను. నా చెయ్యి విరిగింది, అసలు రాయలేను కూడా."

"నువ్వు చెప్పు, మీ వదిన రాస్తుంది," అన్నాడు మా ఆయన.

అలా నా మొగుడి మీద కంప్లైంటు నేనే రాయాల్సొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈయన మీద నాకు లేని కంప్లైంటు లేదు. వాటిల్లో ఒక్కటీ అక్కడ పనికిరాలేదు.

గుడ్లాయన గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మా మేస్త్రీ చాలా మంచివాడు..."

"అది కొట్టెయ్," అన్నాడు మా ఆయన.

"ఈ రోడ్డుని కన్నబిడ్డలా చూసుకున్నాడు..."

"అదీ కొట్టెయ్. గుంత నుంచి మొదలుపెట్టు."

"గుంత ఉంది. నేను పడ్డాను. తప్పు నాది."

"తప్పు మేస్త్రీది."

"నేననను."

మా ఆయన మంచం అంచు మీద కూర్చున్నాడు. "చూడు, నువ్వు అబద్ధం ఏమీ చెప్పట్లేదు. ఆ గుంత నాకు ముందే తెలుసు. రోజూ చూసి వచ్చాను. జానెడు లోతయ్యేదాకా చూస్తూ ఊరుకున్నాను. ఎందుకన్నది వేరే సంగతి. నువ్వు కింద చూడకుండా వచ్చావు, నా మీద నమ్మకంతో వచ్చావు. ఆ నమ్మకం నేను నిలబెట్టుకోలేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే చెప్పు, కొట్టేయిస్తాను."

గుడ్లాయన జీవితంలో మొదటిసారి మాట్లాడలేదు. వాళ్లావిడ టీ తెచ్చి పెట్టి వెళ్లింది, ఎవరం ముట్టుకోలేదు. నేను ఆ మాటలే, ఒక్కటీ మార్చకుండా రాశాను. కాగితం మీద ఒక చోట అక్షరం అలుక్కుపోయింది, మళ్లీ దిద్దాను. గుడ్లాయన ఎడమచేత్తో, చిన్నపిల్లాడి రాతలా, కింద సంతకం పెట్టాడు. పెట్టి, మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

మా ఆయన తన వాంగ్మూలం ఇంట్లో రాసుకున్నాడు. ఒకే ఒక్క వాక్యం. గుంత ఉందని తెలిసీ పూడ్చలేదు.

కాగితాలు పంపిన నాలుగో వారంలో ఆఫీసు నుంచి కవరొచ్చింది. కవరొక్కటే, లోపల కాగితాలు రెండు. ఒకటి రోడ్డుకి లేయరు మంజూరైందని. రెండోది మెమో. ఖర్చు కలిసొస్తుందని రెండూ ఒకే కవరులో పెట్టి ఉంటారు.

పక్క మండలంలో యంత్రాలు పనిలోనే ఉండటం వల్ల మా రోడ్డు వానలకి ముందే పడింది. కంకర లారీలు, తారు పొగ, రోలరు. ఆరు రోజులు మా ఇంట్లో బట్టలన్నిటికీ తారు వాసనే. మా ఆయన రోలరు వెనకే నడిచాడు, ఆరు రోజులూ, ఆరు కిలోమీటర్లూ. పంక్చరు షాపు దగ్గర కూర్చునే నలుగురూ ఇంజనీరమ్మాయిని పొగిడారు. ఆ మేస్త్రీ ఉన్నన్నాళ్లూ ఏం జరిగింది, కొత్త పిల్ల వచ్చింది కాబట్టి రోడ్డు పడింది అన్నారు. నా నాలుక మీదిదాకా వచ్చింది. మింగేశాను.

రిటైరైన రోజు ఆయన ఆఫీసుకి వెళ్లి తట్ట, పార, దిమ్మిస అప్పజెప్పి, సంతకం పెట్టి, మధ్యాహ్నం బస్సులోనే వచ్చేశాడు. చేతిలో ఏమీ లేదు. ఇంజనీరమ్మాయి బస్టాపు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడిందని మాత్రం చెప్పాడు. అన్న మాట ప్రకారం మేకుకి క్యాలెండరు తగిలించాడు.

మొదటి వానలు పడ్డాక గుడ్లాయన మళ్లీ సైకిలెక్కాడు. చెయ్యి కుదురుకుంది. కానీ మనిషి మారిపోయాడు. పాట లేదు, మాట లేదు. మెడ వంచి, ముందు చక్రం వంకే చూసుకుంటూ, మెల్లగా తొక్కుకుంటూ పోయేవాడు. అద్దంలాంటి రోడ్డు మీద గుంతలు వెతుక్కుంటూ పోయేవాడు. మా ఆయన రోజూ ఆ టైముకి వసారాలోకొచ్చి కూర్చునేవాడు. గుడ్లాయన దాటిపోయాక, "ఇంకా కిందే చూస్తున్నాడు," అని లోపలికి వచ్చేవాడు. రోజూ అదే మాట. మిగతా ఊరంతా అన్నవి దులిపేసుకున్న మనిషి, ఆ వంగిన మెడని మాత్రం దులుపుకోలేకపోయాడు.

దాదాపు నెల గడిచింది. రాత్రంతా వాన కురిసి వెలిసిన ఒక పొద్దున, నేను యూనిఫాంల మూట కడుతుంటే దూరం నుంచి పాట వినిపించింది. గొంతు బొంగురు, రాగం అస్తవ్యస్తం. గుడ్లాయన ఎనిమిది ట్రేలతో వస్తున్నాడు. మా ఇంటి దగ్గరికి రాగానే తల పూర్తిగా మా వైపు తిప్పి, "వదినా, రాత్రి ఏం వాన! మా ఇంటి వెనక..." అంటూ, చెప్తూ చెప్తూనే దాటిపోయాడు. మిగతా కథ మలుపు దాకా మాకు వినిపిస్తూనే ఉంది.

మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూశావా?" అన్నాడు. "చూశావా, కింద చూడలేదు." కళ్లనిండా నీళ్లు. తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

నేను లోపలికి వెళ్లాను. పెట్టె అడుగున బట్టల కింద దాచిన మెమో తీశాను. క్యాలెండరు తీసి పక్కన పెట్టి, ఆ మేకుకి మెమో తగిలించాను.

ఆయన గుమ్మంలోంచి చూసి కంగారుపడ్డాడు. "అదేంటి, అది ఎవరైనా గోడకి పెట్టుకుంటారా? వచ్చినవాళ్లు చదువుతారు."

"చదవనివ్వండి," అన్నాను. "చదివి, ఏంటని అడగనివ్వండి. ఇప్పుడు నేను చెప్తాను."